మైకు స్టాండు స్పష్టంగా, ముఖం మసకగా: కచేరీ ఫొటోలకు ఒక టెలి జూమ్ ఎంపిక

కచేరీలకు ఫొటోలు తీసేవాళ్లు లెన్స్ సలహా కోసం నా దగ్గరకు వస్తూ ఉంటారు. చాలావరకు పది నిమిషాల్లో తేలిపోయే మాటలే. ఈ కేసుకు మాత్రం మూడు నెలలు పట్టింది. అందులో మొదటి నెల వృథా కావడానికి కారణం నేనే. అందుకే రాసిపెడుతున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను. పేరు, హాలు, ఏ బృందం కోసం తీస్తారో ఆ వివరాలు వదిలేశాను.

నేపథ్యం

ఆమెకు నలభై దాటాయి. ఉద్యోగం వేరే. ఒక చిన్న సంగీత బృందానికి నెలకు రెండు మూడు కచేరీల ఫొటోలు ఇష్టంతో తీసిపెడతారు. చేతిలో ఉన్నది 24 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సర్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా), 1.6 క్రాప్ ఫ్యాక్టర్‌ది. అంటే సెన్సర్ వెడల్పు ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ కంటే 1.6 రెట్లు తక్కువ, అదే లెన్స్ దీనిమీద అంత దగ్గరగా చూపిస్తుంది. దానికి 70-300 మి.మీ. జూమ్ (దూరాన్ని దగ్గరగా చూపే టెలి లెన్స్), ఎఫ్ 4 నుంచి 5.6 దాకా మారే అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది), స్టెబిలైజేషన్ ఉన్నదే. పగటిపూట పిల్లల ఆటలకు, పక్షులకు ఆ లెన్స్ బాగానే పనిచేసింది.

హాలు మధ్యరకం. ఫ్లాష్ నిషేధం. ఆమె ఎక్కువగా నిలబడేది పక్క నడవాలో, వేదికకు సుమారు 12 మీటర్ల దూరంలో. ఒక్కోసారి ముందు వరుస చివర కుర్చీ దొరుకుతుంది. అక్కడి నుంచి గాయని 6 మీటర్ల దూరంలో ఉంటుంది. ఇంకొక విషయం, ఆమెకు కుడి మణికట్టు పాత నొప్పి. అరగంటకు మించి బరువు పట్టుకుంటే మర్నాడు తెలుస్తుంది. ఈ ముక్క మొదట్లోనే చెప్పారు. నా మొదటి తప్పు నిర్ణయంలో దీనికీ కొంత పాత్ర ఉంది.

వచ్చిన సమస్య

"సార్, నా చేతులు వణుకుతున్నాయనుకుంటా. పదింటిలో ఎనిమిది ఫొటోలు మసకే. మంచి స్టెబిలైజేషన్ ఉన్న టెలి జూమ్ ఏదైనా చెప్పండి, కొనేస్తాను."

ఫోన్‌లో ఓ ఇరవై ఫొటోలు చూపించారు. ఆ చిన్న తెరమీద మసక అన్నది తెలుస్తోంది కానీ ఏ రకం మసకో తెలియదు. అక్కడే ఆగి అసలు ఫైళ్లు తెమ్మని అడగాల్సింది. అడగలేదు. ఆమె చేతులు వణుకుతున్నాయన్నారు, మణికట్టు నొప్పి అన్నారు. నేను ఆ రెండింటినీ కలిపేసుకున్నాను.

నా లెక్క ఇలా సాగింది. ఆమె ఎక్కువగా వాడేది 135 మి.మీ. దగ్గర. క్రాప్ బాడీ మీద అది 216 మి.మీ. కోణానికి సమానం. చేతితో పట్టుకుని తీసేటప్పుడు ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీది మి.మీ. అంకె, క్రాప్ బాడీకి 1.6 తో పెంచినది) ఎంతో, సెకనులో అన్నో వంతుకు మించి షట్టర్ తెరిచి ఉండకూడదన్నది పాత సూత్రం. అంటే 1/200 సెకనుకు అటూ ఇటూ కావాలి. ఆమె ఫొటోల మీద కనిపిస్తున్నది 1/80. సుమారు ఒకటింబావు స్టాపు తక్కువ (ఒక స్టాపు అంటే వెలుతురు గానీ సమయం గానీ రెట్టింపో సగమో కావడం). నాలుగు స్టాపుల స్టెబిలైజేషన్ ఉందని చెప్పుకునే 70-200 ఎఫ్ 4 లెన్సులు ఉన్నాయి. బరువు ముప్పావు కిలో. అదే ఎఫ్ 2.8 అయితే డీఎస్ఎల్ఆర్ లెన్సులు దాదాపు కిలోన్నర. మణికట్టు నొప్పి ఉన్న మనిషికి కిలోన్నర లెన్స్ చెప్పడానికి మనసు రాలేదు.

"ఎఫ్ 4 తీసుకోండి. కొనేముందు ఒకసారి వాడి చూడండి" అన్నాను. ఆ రెండో వాక్యం చెప్పడం ఒక్కటే నేను ఆ రోజు చేసిన మంచిపని.

లెక్క సరిగానే ఉంది. కాకపోతే అది కెమెరా కదలిక గురించి వేసిన లెక్క. పైగా ఆమె పాత లెన్స్‌లోనూ స్టెబిలైజేషన్ ఉంది. అది ఎందుకు ఆదుకోలేదన్న ప్రశ్న నాకు రావాలి. రాలేదు.

ఎఫ్ 4 తో రెండు సాయంత్రాలు

ఒక స్నేహితుడి దగ్గర ఎఫ్ 4 లెన్స్ అరువు ఇప్పించాను. రెండు కచేరీలు తీసి, ఈసారి ల్యాప్‌టాప్‌తో వచ్చారు. మొహంలో టెన్షన్. "సార్, లెన్స్ బాగుంది, ఫొటోలు మాత్రం అలాగే ఉన్నాయి."

మొదటి ఫొటో నూరు శాతం సైజులో తెరిచాను. గాయని ముందున్న మైకు స్టాండు మీద మరచుట్లు కూడా కనిపిస్తున్నాయి. వెనక స్పీకరు పెట్టె జాలీ గీతలు గీతల్లాగే ఉన్నాయి. గాయని ముఖం మాత్రం తడి గుడ్డతో తుడిచినట్టుంది. అంటే స్టెబిలైజేషన్ తన పని తాను పూర్తిగా చేసింది. కెమెరా కదల్లేదు. కదిలింది గాయని. ఏ కంపెనీ ఏ పేరుతో అమ్మినా, ఐఎస్ అనండి, వీఆర్ అనండి, ఓఎస్ఎస్ అనండి, వీసీ అనండి, స్టెబిలైజేషన్ కెమెరా ఊగడాన్ని సరిచేస్తుంది. ఎదుటి మనిషి తల తిప్పడాన్ని ఆపలేదు.

సిగ్గనిపించింది. ఈ మైకు స్టాండు ఆమె పాత ఫొటోల్లోనూ ఉంది కదా. అప్పుడే నూరు శాతంలో చూసి ఉంటే ఒక నెల మిగిలేది.

ఆ మధ్యాహ్నమే పాత లెన్స్‌తో తీసిన ఫొటోలన్నీ తెరిపించాను. ఆమె పనికిరావని పక్కన పెట్టినవి 240. వాటిని మూడు కుప్పలు చేశాం. ఫ్రేమ్‌లో ఏదీ స్పష్టంగా లేకుండా అంతా ఒకే దిశలో సాగినట్టుంటే అది కెమెరా షేక్. స్టాండు, స్పీకరు స్పష్టంగా ఉండి మనిషి మాత్రమే చెదిరితే అది మనిషి కదలిక. గాయని కాకుండా వేరే వస్తువు, మైకో వెనక డ్రమ్మో స్పష్టంగా ఉండి, ముఖం మెత్తగా ఉంటే ఫోకస్ తప్పింది. షేక్ కుప్పలో 31 వచ్చాయి. ఫోకస్ కుప్పలో 61. మిగతా 148 మనిషి కదలికే.

"అయితే నా చేతులు బాగానే ఉన్నాయా సార్?" అన్నారు ఆమె. మీ చేతులు నా చేతులకంటే నయం అన్నాను. అబద్ధం కాదు.

షట్టర్ ఎంత ఉండాలి?

లెన్స్ సంగతి పక్కనపెట్టి ముందు ఇది తేల్చుకోవాలనుకున్నాం. "కచేరీకి 1/250" అని అందరూ చెప్పే మాటే, కానీ ఎందుకో ఆమెకు చూపించాలి, నాకూ చూసుకోవాలనిపించింది.

ఆమె సెన్సర్ వెడల్పు 22.3 మి.మీ. 12 మీటర్ల దూరంలో 135 మి.మీ. దగ్గర ఫ్రేమ్‌లో పట్టేది సుమారు 2 మీటర్ల వెడల్పు. ఆ రెండు మీటర్లు 6000 పిక్సెళ్ల మీద పరుచుకుంటాయి. అంటే ఒక్కో పిక్సెల్ వేదిక మీద మిల్లీమీటరులో మూడో వంతు. పాడేటప్పుడు తల నెమ్మదిగా ఊగుతుంది, సెకనుకు 10 సెంటీమీటర్లు అనుకుందాం. 1/80 సెకనులో ఒకటింబావు మిల్లీమీటరు కదులుతుంది, నాలుగు పిక్సెళ్ల చెదురు. కనురెప్పల వెంట్రుకలు కలిసిపోవడానికి అది చాలు. 1/250 దగ్గర అదే తల ఒక పిక్సెల్‌కు కాస్త పైన కదులుతుంది. కంటికి తెలియదు.

చేయి సంగతి వేరు. మామూలుగా చేయి ఊపినా సెకనుకు ఒక మీటరు వేగం ఉంటుంది. 1/80 లో 38 పిక్సెళ్లు, 1/250 లో 12, 1/500 లో 6. అంటే గిటారు వాయించే చేయి 1/250 దగ్గర కూడా కొంచెం చెదురుతుంది. అది చెదరనివ్వండి, నాకైతే అదే ఇష్టం. ముఖం నిలిచి చేయి కాస్త కరిగితే పాట వినిపిస్తున్నట్టుంటుంది. డ్రమ్ములవాడి కర్రలు కూడా గడ్డకట్టినట్టు రావాలంటే 1/500 దాటాలి. ఆమెకు అది అక్కర్లేదు, ముఖాలే ముఖ్యం. కాబట్టి లక్ష్యం 1/250.

పాత ఫొటోల ఎగ్జిఫ్ వివరాల (కెమెరా ఫైల్లోనే రాసిపెట్టే సెట్టింగుల) ప్రకారం 135 మి.మీ. దగ్గర ఆమె లెన్స్ ఎఫ్ 5 కి మూసుకుపోయింది. ఐఎస్ఓ (సెన్సర్‌కు అందిన వెలుతురును పెంచి చూపే అంకె) 6400, షట్టర్ 1/80. అదే వెలుతురులో ఎఫ్ 4 అయితే 1/125. ఎఫ్ 2.8 అయితే 1/250. ఎఫ్ 5 నుంచి 2.8 కి మూడు రెట్లకు పైగా వెలుతురు. కాగితం మీద రాస్తే ఇంత చిన్న లెక్క.

ఎగ్జిఫ్‌లో ఇంకొకటి దొరికింది. 70-300 లెన్స్ అయినా 200 దాటి వాడిన ఫ్రేములు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కువ భాగం 85 నుంచి 140 మధ్యనే. కొత్త లెన్స్‌కు "300 దాకా ఉండాలి" అని ఆమె మొదట పెట్టిన షరతు అక్కడితో పోయింది. పొడవు వదులుకుంటేనే అపర్చర్ దొరుకుతుంది, అందుకే ఏది వదులుకోవచ్చో ముందు తెలియాలి.

ముందున్న దారులు

లెన్స్‌కూ బాడీకీ మధ్య బిగించి పొడవు పెంచే 1.4 ఎక్స్‌టెండర్ లాంటి మాటలు ఎత్తకుండానే పక్కన పెట్టాం. అది ఒక స్టాపు తినేస్తుంది, మనం వెతుకుతున్నదే ఆ స్టాపు.

ఫుల్ ఫ్రేమ్ బాడీ కొంటే ఎలా ఉంటుందని ఆమె అడిగారు. మంచి ప్రశ్నే. ఒకే తరం సెన్సర్లయితే క్రాప్ బాడీతో పోలిస్తే నాయిస్‌లో (చీకట్లో ఫొటో మీద వచ్చే గరుకు చుక్కల్లో) సుమారు ఒకటింబావు స్టాపు లాభం ఉంటుంది. కానీ క్రాప్ మీద 135 తో వచ్చే ఫ్రేమ్ ఫుల్ ఫ్రేమ్ మీద రావాలంటే 216 కావాలి. అంటే అదే 70-200 లెన్స్ చాలదు, లేదా ఆమె ఇంకా ముందుకు జరగాలి. జరగడానికి చోటు లేదు. ఇంకా పొడవైన లెన్స్ అంటే మళ్లీ ఎఫ్ 5.6 లోకి వెళ్లడం. లాభం చేతికి వచ్చినట్టే వచ్చి జారిపోతుంది.

ప్రైమ్ లెన్సులు, అంటే జూమ్ లేనివి. 85 మి.మీ. ఎఫ్ 1.8 తేలిక, నాలుగు వందల గ్రాములకు అటూ ఇటూ. ఎఫ్ 2.8 కంటే ఒకటింబావు స్టాపు ఎక్కువ వెలుతురు ఇస్తుంది. 135 ఎఫ్ 2 ఇంకా బాగా సరిపోతుంది ఆమె దూరానికి. నేను ఒంటరిగా తీసేటట్టయితే ఇదే ఎంచుకునేవాణ్ణి. కానీ ఆమె కదలలేని చోట నిలబడి ఒకే పాటలో బృందం మొత్తాన్ని, వెంటనే గాయని ముఖాన్ని తీయాలి. బాడీ ఒకటే. చీకట్లో లెన్స్ మార్చడం, కింద పడేసుకోవడం, వద్దు.

సిగ్మా 50-100 ఎఫ్ 1.8 అని క్రాప్ బాడీల కోసమే 2016లో ఒక జూమ్ వచ్చింది. అపర్చర్ చూస్తే ఆశ పుడుతుంది. కానీ బరువు దాదాపు కిలోన్నర, స్టెబిలైజేషన్ లేదు, 100 దగ్గర ఆగిపోతుంది. ఆమె ఫ్రేముల్లో సగానికి దగ్గరగా 100 కి పైనున్నాయి.

చివరికి మిగిలింది అందరూ చెప్పే 70-200 ఎఫ్ 2.8. అందరూ చెప్పే జవాబుకే తిరిగి వచ్చాం, నిజమే. ఈసారి ఎందుకో తెలిసి వచ్చాం. మిర్రర్‌లెస్‌లో (లోపల అద్దం లేని కెమెరాల్లో) ఈ లెన్సులు కిలోకు దిగాయి. సోనీ రెండో తరం జీఎమ్, కెనాన్ ఆర్ఎఫ్ రెండూ 1.05 కిలోల ప్రాంతంలో ఉన్నాయి. అవి ఆమె బాడీకి బిగవవు. డీఎస్ఎల్ఆర్ మౌంట్‌లో చాలావరకు కిలోన్నరకు దగ్గరే.

ఎఫ్ 2.8 అద్దెకు తెచ్చినప్పుడు

నేనిక గెలిచాననుకున్నాను. మొదటి సాయంత్రం ఫొటోలు చూస్తే కదలిక కుప్ప సగానికి పైగా తగ్గింది. కానీ ఫోకస్ కుప్ప పెరిగింది, ఇంకొక కొత్త కుప్ప పుట్టింది. సున్నంలాగా తెల్లబడిపోయిన ముఖాలు.

ముందు ఫోకస్. ఆ రోజు ఆమెకు ముందు వరుస దొరికింది. 6 మీటర్ల నుంచి 200 మి.మీ. దగ్గర ఎఫ్ 2.8 పూర్తిగా తెరిచి తీశారు. ఆ దూరంలో స్పష్టంగా వచ్చే లోతు మొత్తం కలిపి 10 సెంటీమీటర్లు కూడా లేదు. మైకుకూ కంటికీ మధ్య దూరం ఇంచుమించు అంతే. కెమెరా ఆటోగా పాయింట్ ఎంచుకునే పద్ధతిలో ఉంది. దానికి దగ్గరగా ఉన్నదీ, మెరుస్తున్న జాలీతో ఉన్నదీ మైకు. అది మైకునే పట్టుకుంది. పాత ఎఫ్ 5.6 లెన్స్ అయితే రెట్టింపు లోతులో ఈ తప్పు సగం దాక్కునేది. అదే లెన్స్‌తో 12 మీటర్ల నుంచి 135 దగ్గర తీస్తే లోతు 80 సెంటీమీటర్లకు పైనే ఉంటుంది. "2.8 అంటే కన్ను ఉంటే ముక్కు పోతుంది" అని భయపెట్టేవాళ్లు దూరం ఎంతో చెప్పరు.

ఒకే పాయింట్ పెట్టుకుని దాన్ని కంటి మీద ఉంచమన్నాను. ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి తీసి వెనక బటన్‌కు మార్చాం. ఇంకొక చిట్కా ఆమే కనిపెట్టారు. పాట చరణాల మధ్య ఊపిరి తీసుకోవడానికి గాయని మైకు నుంచి మొహం పక్కకు తిప్పుతుంది. ఆ క్షణంలో మైకు అడ్డం ఉండదు, తల కూడా ఒక్క లిప్తపాటు నిలకడగా ఉంటుంది. పాటలు ముందే విని వెళ్లడం మొదలుపెట్టాక ఆ క్షణం ఎప్పుడొస్తుందో ఆమెకు ముందే తెలిసేది. ఏ లెన్స్ ఇవ్వని లాభం అది.

ఇక తెల్లబడిన ముఖాలు. ఇక్కడే ఈ కేసులో నాకు అన్నిటికంటే పనికొచ్చిన విషయం దొరికింది. ఆమె షట్టర్ 1/250 పెట్టి, ఐఎస్ఓ ఆటోకు వదిలేశారు. కెమెరా ఫ్రేమ్ మొత్తాన్ని కొలుస్తోంది. ఫ్రేమ్‌లో ముప్పాతిక భాగం నల్లటి తెర. కెమెరా ఆ నలుపును బూడిదరంగు చేయాలని చూసి ఐఎస్ఓ పెంచేసింది. స్పాట్‌లైట్‌లో ఉన్న ముఖం తెల్లబడిపోయింది. స్పాట్ మీటరింగ్‌తో (ఫ్రేమ్‌లో ఒక్క చిన్న చోటే కొలిచే పద్ధతితో) ముఖం మీద కొలిచి చూస్తే, కావలసిన దానికంటే ఒక స్టాపు ఎక్కువ వెలుతురు ఇస్తోంది.

వెంటనే పాత ఫొటోలు మళ్లీ తెరిచాను. అక్కడా అదే. ఎఫ్ 5, ఐఎస్ఓ 6400, 1/80 అన్నది కెమెరా చెప్పిన లెక్క. ముఖానికి నిజంగా కావలసింది 1/160. ఎఫ్ 4 కూ ఎఫ్ 2.8 కూ ఉన్న తేడా ఎంత? సరిగ్గా ఒక స్టాపు. అంత తేడాను ఆమె మీటరింగ్‌లో పారబోస్తూ ఉన్నారు, నేను దాన్ని లెన్స్‌తో పూడ్చబోతున్నాను.

నిర్ణయం మళ్లీ మొదటికి

నిజాయితీగా ఆలోచిస్తే, ఎఫ్ 4 ను వద్దనడానికి నేను చెప్పిన కారణం కొంత కూలిపోయింది. మాన్యువల్‌లో సరిగ్గా కొలిచి తీస్తే ఎఫ్ 4 తోనే 1/250 వస్తుంది. ముప్పావు కిలో, మణికట్టుకు హాయి. "అయితే అదే కొనేయనా?" అని ఆమె అడిగారు. ఈసారి నేను జవాబు చెప్పలేదు. రెండు లెన్సులూ ఒకే కచేరీకి పట్టుకెళ్లమన్నాను. విరామం వరకు ఒకటి, తర్వాత ఒకటి కాదు, లైటింగ్ మారిపోతుంది కాబట్టి అది పోలికే కాదు. పాట మధ్యలో ఒకసారి మార్చడం. మార్చడం వద్దని పైన నేనే అన్నాను, పరీక్ష కోసం ఒక్క రాత్రి ఆ కష్టం పడ్డారు. ఎక్స్‌పోజర్ మాన్యువల్, ముఖం మీద స్పాట్ కొలత, రా ఫైళ్లు (కెమెరా దిద్దకుండా దాచే అసలు ఫైళ్లు).

హుషారు పాటల్లో ఎఫ్ 4 కు 1/250 వచ్చింది, ఎఫ్ 2.8 కు 1/500. రెండింటి ముఖాలూ బాగున్నాయి. పక్కపక్కన పెడితే ఏది ఏదో ఆమె చెప్పలేకపోయారు. నిదానమైన పాటలకు లైట్లు ఒక స్టాపు తగ్గించారు. అక్కడ ఎఫ్ 4 మళ్లీ 1/125 కు దిగింది. ఎఫ్ 2.8 1/250 దగ్గర నిలిచింది. బృందం వాళ్లు పోస్టర్లకు ఏ ఫొటోలు వాడుతున్నారని అడిగాను. అన్నీ నిదానమైన పాటలవే. గాయని కళ్లు మూసుకుని పాడేవి, ఒంటరి వేణువు, అలాంటివి. హుషారు పాటల ఫొటోలు ఎవరూ అడగరు, వాళ్ల ఫోన్లలోనే బోలెడున్నాయి.

మరి ఐఎస్ఓ 12800 కు వెళ్లి ఎఫ్ 4 తో సరిపెట్టుకోకూడదా? ఇదీ చూశాం. ఈమధ్య డీనాయిస్ సాఫ్ట్‌వేర్లు నిజంగా బాగుపడ్డాయి. డీఎక్స్ఓ డీప్‌ప్రైమ్ 2020లో వచ్చింది, లైట్‌రూమ్‌లో ఏఐ డీనాయిస్ 2023లో చేరింది. ఆమె క్రాప్ బాడీ 12800 ఫైళ్లను ఇవి శుభ్రం చేశాయి కానీ నీడవైపు చెంప మీద చర్మం మైనంలా తయారైంది. 6400 దగ్గర ఆ ఇబ్బంది లేదు. సాఫ్ట్‌వేర్‌ను ఆఖరి స్టాపుకు దాచుకోవడం మేలనిపించింది. అన్నిటికంటే చీకటి పాటలో ఎఫ్ 2.8 కూడా చాలనప్పుడు అది అక్కరకొస్తుంది.

ఇంకొక కారణం ఫోకస్. తీసేటప్పుడు ఏ అపర్చర్ పెట్టినా, డీఎస్ఎల్ఆర్ ఫోకస్ చేసేది లెన్స్ పూర్తిగా తెరిచి ఉండగానే. ఎఫ్ 2.8 లెన్స్ ఫోకస్ వ్యవస్థకు ఎక్కువ వెలుతురు ఇస్తుంది. చాలా డీఎస్ఎల్ఆర్‌లలో మధ్య పాయింట్ ఎఫ్ 2.8 లెన్స్ ఉంటే ఇంకా నికరంగా పట్టుకుంటుంది కూడా. ఆ రాత్రి నిదానమైన పాటల్లో ఎఫ్ 4 ముందుకీ వెనక్కీ వెతుక్కోవడం ఆమె చెవికే వినిపించిందట.

స్టెబిలైజేషన్ లేని పాత 70-200 ఎఫ్ 2.8 చవగ్గా దొరుకుతుందని తెలుసు. 1/250 దగ్గర తీసేవాళ్లకు అది చాలా వరకు చాలు. అయినా ఉన్నదే తీసుకోమన్నాను. 320 మి.మీ. కోణంలో వ్యూఫైండర్‌లో బొమ్మ ఊగుతూ ఉంటే ఒకే పాయింట్‌ను కంటి మీద ఉంచడం కష్టం. ఆమెకు స్టెబిలైజేషన్ అవసరం ఫొటో కోసం కంటే గురి కోసం.

కొన్నది, ఆ తర్వాత

సెకండ్ హ్యాండ్ కొన్నారు. టార్చి వేసి లోపల ఫంగస్, పొగలాంటి పొర లేవని చూశాం. ఎఫ్ 2.8 దగ్గర ఒక గోడను తీసి నాలుగు మూలలూ పోల్చాం, ఒక పక్క మాత్రమే మెత్తగా ఉంటే లోపల గాజు పక్కకు జరిగినట్టు. అది లేదు. ఫోకస్ మాత్రం ఆమె బాడీ మీద కొంచెం వెనక్కి పడుతోంది. ఇది లెన్స్ లోపం అనుకుని వెనక్కి ఇచ్చేసేవాళ్లున్నారు. బాడీ మెనూలో ఫోకస్ మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉంది, ఒక సాయంత్రం కూర్చుంటే సరిపోయింది.

బరువుకు మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) ప్రయత్నించాం. అది కుదరలేదు. చెక్క నేల మీద డ్రమ్ము దరువు కాలు గుండా నేరుగా కెమెరాకు ఎక్కింది. అదీకాక నడవాలో జనం కాళ్లకు తగులుతోంది. చివరికి పనిచేసింది చాలా మామూలు పద్ధతి. లెన్స్ కాలర్ (లెన్స్ చుట్టూ బిగించే కడియం) కింద ఎడమ అరచెయ్యి, మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, కుడి మణికట్టు మీద బరువు పడకుండా పట్టుకోవడం. పట్టీ కెమెరాకు కాకుండా లెన్స్ కాలర్‌కు. పాటకూ పాటకూ మధ్య దించేయడం. మణికట్టు నొప్పి పూర్తిగా పోయిందని రాయలేను. రెండు గంటల కచేరీలో గంటకు మించి తీయనని ఆమె నియమం పెట్టుకున్నారు.

మధ్యలో ఒకసారి షట్టర్ చప్పుడు ఎక్కువైందని ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూశారట. ఒక మిర్రర్‌లెస్ బాడీ అరువు తెచ్చుకుని సైలెంట్ షట్టర్‌తో తీశారు. ఫొటోల నిండా అడ్డగీతలు. ఎల్ఈడీ స్టేజీ లైట్లు వెలుతురు తగ్గించడానికి చాలావాటిలో వేగంగా వెలిగి ఆరుతుంటాయి, ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను వరసవరసగా చదువుతుంది. వెలిగినప్పుడు చదివిన వరస తెలుపు, ఆరినప్పుడు చదివిన వరస నలుపు. తిరిగి తన డీఎస్ఎల్ఆర్‌కే వచ్చి, చప్పట్లు మొదలయ్యే ముందు రెండు క్షణాలకు ఎక్కువ క్లిక్కులు దాచుకోవడం అలవాటు చేసుకున్నారు.

మూడో నెల చివరి కచేరీ ఫైళ్లను మళ్లీ కుప్పలు చేశాం. కదలిక కుప్ప చాలా చిన్నది, అందులోనూ సగం కావాలని ఉంచుకున్న చేతులు. ఫోకస్ తప్పినవి ఇంకా ఉన్నాయి, ఎక్కువ భాగం ముందు వరుస నుంచి 200 దగ్గర తీసినవే. ముందు కూర్చున్నప్పుడు 135 దాటకుండా తీసి తర్వాత కత్తిరించుకోమని చెప్పాను. ఇంకా వింటున్నట్టు లేరు.

ఇప్పుడు నా దగ్గరకు ఇలాంటి ప్రశ్నతో ఎవరు వచ్చినా, పక్కన పడేసిన ఫొటోలు అసలు ఫైళ్లుగా తెమ్మంటున్నాను. బాగా వచ్చినవి చూపిస్తామంటే వద్దంటున్నాను. ముందు కుప్పలు, తర్వాత ఎగ్జిఫ్‌లో ఫోకల్ లెంగ్త్, తర్వాత ముఖం మీద ఎక్స్‌పోజర్ సరిగా ఉందా లేదా. లెన్స్ పేరు ఆ తర్వాతే. స్పాట్ కొలత ఈ వరసలో లెన్స్ కంటే ముందుకు రావడానికి మాత్రం ఈ కేసే కారణం.

ఒక్క సమస్య అలాగే మిగిలింది. ఒక పాటకు లైట్లన్నీ నిండు నీలం చేస్తారు. సెన్సర్ మీద నాలుగు పిక్సెళ్లలో ఒకటే నీలానిది, మిగతా మూడింటికి ఆ వెలుతురు దాదాపు అందదు. ఆ ఒక్క చానెల్ పొంగిపోతుంది, మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడలు చూపే గ్రాఫు) చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. మూడు రంగులనూ విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ చూసి ఇంకొంచెం తగ్గించి తీయమన్నాను. తీశారు. అయినా ముఖం సిరా మరకలాగే వచ్చింది. ఆ పాట ఫొటోలు ఇప్పుడు బ్లాక్ అండ్ వైట్‌లో పంపుతున్నారు. బృందంవాళ్లు అది ఆమె స్టైల్ అనుకుంటున్నారట.